పేరు చెప్పినాకే బువ్వ

ప్రొద్దుటూరులో ఎవరింట్లో మంచి జరిగినా చెడు జరిగినా పురోహితుడి కన్నా ముందు ఫోను పోయేది తిరుపాల్‌కే. ఓణీల ఫంక్షన్‌కు ఫ్లెక్సీ, చెవులు కుట్టిస్తే ఫ్లెక్సీ, కొత్త ట్రాక్టరు వస్తే ఫ్లెక్సీ, బోరులో నీళ్లు పడితే ఫ్లెక్సీ. మనిషి పోతే ఇంక చెప్పనే అక్కర్లేదు. ఆ మధ్య చాపాడు వైపు ఒకాయన తన ఎద్దుకు బండలాగుడు పోటీలో బహుమతి వచ్చిందని ఫ్లెక్సీ వేయించుకుంటూ, ఎద్దు ఫోటో కన్నా తన ఫోటో పెద్దదిగా ఉండాలన్నాడు. తిరుపాల్ మారు మాట్లాడకుండా అట్లాగే వేసిచ్చాడు. ఎవరు ఎంత పెద్దగా కనిపించాలనుకుంటే అంత పెద్దగా చూపించడమే అతని బతుకుదెరువు.

నా పేరు హరినాథ్. పులివెందులలో తెలుగు మాస్టర్ని. తిరుపాల్, నేను జమ్మలమడుగులో ఒకే హాస్టల్లో ఉండి చదువుకున్నాం. ఇద్దరి బట్టలూ ఒకే రేకుపెట్టెలో ఉండేవి. చుట్టరికం ఏమీ లేకపోయినా నన్ను మామా అంటాడు. నాకు ఫ్లెక్సీలంటే ఒళ్లు మంట. కుడి చేత్తో ఇచ్చింది ఎడమ చేతికి తెలియకూడదని పెద్దలన్నారు గానీ, మా వైపు ఎడమ చేతిలో మైకు ఉంటుంది. ఆ మాటంటే తిరుపాల్ నవ్వేవాడు. ఎడమ చేతికి తెలియకుండా అందరూ ఇచ్చుకుంటూ పోతే నా పెళ్లాంబిడ్డలు ఏం తినాల మామా అనేవాడు. 

తిరుపాల్ వాళ్లది తొండూరు దగ్గర ఒక పల్లె. తరాలుగా గొర్రెలు మేపుకునే ఇల్లు. తండ్రి పేరు రామసుబ్బయ్య. ఆ పేరు రేషన్ కార్డులో ఉండేది తప్ప ఊరి నోట్లో ఎప్పుడూ లేదు. ఊరందరికీ ఆయన గొర్రెల సుబ్బడు. చిన్న పిల్లలు కూడా "రేయ్ సుబ్బా" అని పిలిస్తే పలికేవాడు. మెత్తని మనిషి. మంద నీళ్లు తాగేదాకా తాను తాగేవాడు కాదు. ఆయన పోయినప్పుడు ఇంట్లో ఒక్క ఫోటో కూడా లేదు. ఆధార్ కార్డులోని బొమ్మను పెద్దది చేసి, తెల్ల చొక్కా తొడిగి, తలపాగా చుట్టి, వెనక పచ్చటి కొండలు పెట్టి తిరుపాలే ఫ్లెక్సీ తయారు చేశాడు. అన్నీ కుదిరాయి గానీ, కెమెరా ముందు కూర్చున్నప్పుడు ఆయన ముఖంలోకి వచ్చిన భయం మాత్రం ఎంత దిద్దినా పోలేదు.

ఆ భయమే తిరుపాల్‌ను తినేసింది. "మా నాయనను పూర్తి పేరు పెట్టి పిలిచినోడు ఒక్కడు లేడు మామా. ఒక్కసారన్నా పది మంది నోట ఆ పేరు గౌరవంగా వినాల నేను" అనేవాడు. అందులో తప్పు పట్టాల్సింది ఏమీ లేదు. కన్నకొడుకు కోరదగిన కోరికే.

అట్లాంటి రోజుల్లో తొండూరు కలీం సెలవు మీద ఊరికి వచ్చాడు. కలీం బోరుబండి నడుపుతాడు. మన నేలలో నీళ్లు అడుగంటి బోరుబండ్లకు పని తగ్గాక, వాళ్ల యజమాని బండ్లను ఓడలెక్కించి ఆఫ్రికాకు పంపాడు. బండితో పాటు కలీం కూడా మలావి అనే దేశానికి పోయాడు. అక్కడ ఒక పల్లెబడిలో బోరు వేస్తున్నప్పుడు, పిల్లలకు మధ్యాహ్నం పూట వండి పెట్టే చిన్న సంస్థ ఒకటి అతనికి పరిచయమైంది. బడికి వస్తే తిండి దొరుకుతుందని పిల్లలు వస్తారట. పొయ్యి వెలగని రోజున బెంచీలు ఖాళీ. ఫోన్లో ఫోటోలు చూపిస్తూ, ఏడాదిలో కొన్ని నెలలు ఆ పొయ్యి వెలిగించడానికి దాతలు దొరకడం లేదని కలీం చెప్పాడు.

తిరుపాల్ ఆ ఫోటోలను పెద్దవి చేసి చూశాడు. పిల్లల కంచాల్లో తెల్లగా ముద్దలున్నాయి. ఏందవి అని అడిగితే, మొక్కజొన్న పిండితో చేసిన సంగటి అన్నాడు కలీం. అంతే, మా వాడి కండ్లలో నీళ్లు తిరిగాయి. వాళ్లదీ సంగటేనంట మామా అని అదే రోజు నాకు ఫోన్ చేశాడు. తండ్రి పేరు మీద, ఏ నెలలోనూ పొయ్యి ఆరిపోకుండా చూసే భారం తనదేనని కలీంకు మాటిచ్చేశాడు. ఇక్కడ పిల్లలు లేరా అని భార్య రజని అడిగింది. ఇక్కడ బడిలో గుడ్డు కూడా పెడతాండారు, ఆడ ఎవురు పెడతారు అని తిరుగు ప్రశ్న వేశాడు.   నిజం చెప్పాలంటే ఆ రోజు వాణ్ని చూసి నాకు గర్వంగా అనిపించింది.

వంకర ఆ తర్వాత వచ్చింది. ఇచ్చేవాడు ఫ్లెక్సీల తిరుపాల్ కదా. కలీం తిరుగు ప్రయాణానికి సంచి సర్దుకుంటున్నప్పుడు, చుట్టిన ఫ్లెక్సీ ఒకటి తెచ్చి అందులో దూర్చాడు. రామసుబ్బయ్య తలపాగాతో, పచ్చటి కొండల ముందు. కింద ఇంత లావు అక్షరాలతో పేరు. రోజూ పిల్లలు తినే ముందు దాని ఎదురుగా నిలబడి "అన్నదాత రామసుబ్బయ్య, సుఖీభవ" అనాలి. ఎట్లా పలకాలో తన గొంతుతోనే రికార్డు చేసి పంపాడు. వర్ధంతికి వీడియో కావాలన్నాడు. అక్కడి టీచరమ్మ కలీం చేత అడిగించింది, ఇది తప్పనిసరా అని. మా పిల్లలు ఒక చిన్న పాట పాడుకుని తింటారు, అది చాలదా అందట. తిరుపాల్ ఒప్పుకోలేదు. ఇంత చేస్తాండా, నాయన పేరు ఒక్కసారి అనలేరా అన్నాడు.

ఆ రోజు నేను వాడి షాపులోనే ఉన్నాను. తెలుగు మాస్టర్ని కదా, ఊరుకోలేక వాదానికి దిగాను. పోయిన మనిషిని సుఖీభవ అనడమేందిరా అన్నాను. పైన కూడా సుఖం ఉండాల కదా మామా అన్నాడు. సరే, అది కడుపు నిండినాక నోట్లోంచి దానంతటదే వచ్చే మాట, తినక ముందు అనిపించడమేంది అన్నాను.

"తిన్నాక ఎవురంటారు మామా? మూతి తుడుచుకోని లేచిపోతారు" అన్నాడు తిరుపాల్.

 అది వాడి మాట కాదు. మా హాస్టల్ వార్డెన్ మాట.

మేం హాస్టల్లో ఉన్నప్పుడు ఎవరో ఒక ఆసామి తన తండ్రి వర్ధంతికి మా అందరికీ విందు పెట్టాడు. రోజూ నీళ్లచారు తాగే పిల్లలం. ఆ రోజు చిత్రాన్నం, వడ, పాయసం. కంచాల్లో వడ్డించి, వాటి వెనక మమ్మల్ని వరసగా నిలబెట్టి చేతులు జోడించమన్నారు. ఆసామి రావడం ఆలస్యమైంది. వచ్చాక పేరు చెప్పి సుఖీభవ అన్నాం. ఫోటో సరిగా రాలేదని మళ్లీ అనమన్నారు. గొంతు చాలలేదని మళ్లీ. పాయసం మీద మీగడ కట్టింది. నా పక్కన తిరుపాల్ ఉన్నాడు. ఉన్నట్టుండి వాడి భుజం నాకు తగిలింది. తలెత్తి చూస్తే గేటు దగ్గర వాళ్లమ్మ పెంచలమ్మ.

శనగ కోతలు అయిపోయిన కాలం అది. నల్లరేగడి చేలల్లో ఎరువు కోసం మంద నిలపడానికి వాళ్లు గొర్రెలను తోలుకుని జమ్మలమడుగు వైపు వచ్చారు. కొడుకును చూద్దామని ఆమె కొంగులో బొరుగులు కట్టుకుని వచ్చింది. వాడు చేతులు జోడించి, అన్నం ముందర పెట్టుకుని, తినకుండా ఎవరి పేరో అరుస్తూ ఉండటం గేటు చువ్వల్లోంచి చూసింది. వాడు ఆమెను చూశాడు. పలకరించలేదు. చేతులు దించలేదు. ఆమె బొరుగులు వాచ్‌మన్‌కు ఇచ్చి వెళ్లిపోయింది. తర్వాత తిరుపాల్ తల ఎత్తకుండా తిన్నాడు, కంచంలో ఏమీ మిగల్చకుండా. బొరుగులు మాత్రం ముట్టలేదు. అవి నేనే తిన్నాను.

నీకు ఆ రోజు గుర్తుందా అని షాపులో అడిగాను. తిరుపాల్ కంప్యూటర్ వైపు తిరిగి, ఏ రోజు మామా, నాకేం గుర్తులేదు అన్నాడు. గుర్తులేని వాడు ఏ రోజని అడిగి నా ముఖం చూస్తాడు. వీడు చూడలేదు. నేను బస్సెక్కి పులివెందుల వచ్చేశాను.

వర్ధంతి వాళ్ల పల్లెలోనే జరిపాడు. ఇంటి ముందు షామియానా, పొట్టేళ్ల కూర, బంధువులు, పెళ్లిళ్లలో పెట్టేంత పెద్ద ఎల్‌ఈడీ తెర. ఊళ్లో సుబ్బా అని పిలిచిన వాళ్లందరినీ పేరుపేరునా పిలిచాడు. వాళ్లకు వినిపించాలనే కదా ఇదంతా. పెంచలమ్మను ముందు వరసలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టాడు. ఆమెకు కుర్చీ అలవాటు లేదు. కాళ్లు పైకి ముడుచుకుని గొంతుక్కూర్చున్నట్టే కూర్చుంది. పక్కన వాడు, వాడి పక్కన నేను.

తెర మీద బడి కనిపించింది. ఎర్రమట్టి ఆవరణ, రేకుల కప్పు, కలీం వేసిన బోరు. ఇద్దరు పెద్దపిల్లలు ఫ్లెక్సీ పట్టుకున్నారు. గాలికి అది ఊగుతుంటే రామసుబ్బయ్య ముఖం ముడుచుకుంటోంది, విచ్చుకుంటోంది. దాని ఎదురుగా పిల్లలు వరసగా నిలబడ్డారు. నేల మీద కంచాలు. కంచాల్లో సంగటి, చిక్కుడు గింజల కూర. పిల్లలు చేతులు జోడించి అన్నారు. పలుకు వంకరగా ఉన్నా పేరు పేరే. రా-మ-సు-బ్బ-య్యా. షామియానా కింద ఈలలు, చప్పట్లు. సుబ్బా అని పిలిచిన ముసలోళ్లు నోళ్లు తెరుచుకుని చూశారు. తిరుపాల్ ముఖం వెలిగిపోయింది. వాడి మీద నాకు ఎంత కోపమున్నా ఆ ఒక్క క్షణం వాడితో పాటు నాకూ ఒళ్లు పులకరించింది.

అప్పుడు వీడియోలో కలీం గొంతు వినిపించింది, మళ్లీ అనమని. పిల్లలు మళ్లీ అన్నారు. ముందు వరసలో ఒక చిన్న పాప ఉంది. ఆమె చూపు ఫ్లెక్సీ మీద లేదు, కంచం మీద ఉంది. వంగి సంగటి మీద చేయి వేయబోయింది. పక్కనున్న పెద్దపిల్ల ఆ చేతి మీద కొట్టింది. పాప గబగబా చేతులు జోడించి, అందరికన్నా గట్టిగా ఆ పేరు అరిచింది. షామియానా కింద అందరూ నవ్వారు. ముద్దుగా అరిచింది కదా, నవ్వొచ్చింది.

పెంచలమ్మ నవ్వలేదు. తెర వైపే చూస్తూ, పక్కన కూర్చున్న కొడుకుతో మామూలుగా మాట్లాడినట్టే అంది.

"తిరుపాలూ, జమ్మలమడుగులో నువ్వు నిలబడినట్టే నిలబడిందిరా ఆ పాప. సంగటి ఆరిపోతాంది. తినమని చెప్పు."

ఆమెకు అది అప్పుడే జరుగుతున్నట్టుగా ఉంది. చెబితే ఆ పాపకు వినిపిస్తుందనుకుంది.  తెర మీద కలీం ఇంకోసారి అంటున్నాడు. ఎందుకంటే ఇంకోసారి అనిపించమని చెప్పి పంపింది తిరుపాలే. పిల్లలు మూడోసారి అందుకున్నారు. పెంచలమ్మ చేయి చాపి కొడుకు మోకాలు తట్టింది, చెప్పు నాయనా అన్నట్టు.

వాడు లేచి పోయి తెర ఆపించాడు. జనం మళ్లీ వేయమన్నారు. కరెంటు సమస్య అని ఏదో చెప్పి, పొట్టేలు కూర వడ్డించమని రజనికి సైగ చేసి ఇంటి వెనక్కి పోయాడు. నేను వెనకే వెళ్లాను. ఖాళీ గొర్రెలదొడ్డి తడిక పట్టుకుని నిలబడి ఉన్నాడు. ముఖం చూడబుద్ధి కాలేదు నాకు. కొట్టించుకున్న వాడి ముఖమైతే చూడవచ్చు గానీ, కొట్టానని తెలుసుకున్న వాడి ముఖం చూడటం కష్టం.

"సిగ్గుతో సచ్చిపోతాండా మామా" అన్నాడు. "ఆ పొద్దు మా యమ్మ చూసిందని ఇన్నేండ్లూ ఆమె మీదే కోపం పెట్టుకున్యా. కూటి ముందర నిలబెట్టిన ఆసామి మీద రాలేదు నాకు కోపం. పెద్దోన్నయి ఆయన మాదిరి కావాలనుకున్యా. అట్లే అయితి కదా."

ఊరుకో అని అనలేదు నేను. అనాలనిపించలేదు. వాడు చెప్పింది నిజం. ఊరడించే మాట ఏదన్నా ఆ పాపకు అన్యాయమే అవుతుంది. ముందు వైపు నుంచి బంతి వడ్డనల చప్పుడు, నవ్వులు వినిపిస్తున్నాయి. రామసుబ్బయ్య కొడుకు గొప్ప పని చేశాడని ఎవరో మైకులో పొగుడుతున్నారు. ఆ మైకు కూడా వాడు తెప్పించిందే.

మర్నాడే కలీంకు ఫోన్ చేశాడు. ఫ్లెక్సీ తీసేయాలి. పేరు చెప్పించకూడదు. ఇచ్చేది ఆగదు, ఎవరిచ్చారో పిల్లలకు తెలియాల్సిన పని లేదు. టీచరమ్మకు తన తరఫున క్షమాపణ కూడా చెప్పమన్నాడు. కలీం సరేనన్నాడు. ఇంకేం, అయిపోయిందనుకున్నాం. తప్పు తెలుసుకున్నాడు, దిద్దుకున్నాడు. కథల్లో అయితే అక్కడితో అయిపోతుంది.

కొన్ని రోజులకు నేను ప్రొద్దుటూరు పోయినప్పుడు తిరుపాల్ షాపు ముందు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. లోపల మిషను ఆగి ఉంది. కలీం వాయిస్ మెసేజ్ పంపాడని నాకు వినిపించాడు. చెప్పినట్టే ఫ్లెక్సీ తీసేశారట. టీచరమ్మ పిల్లలతో, ఇక పేరు చెప్పక్కర్లేదు, మన పాట పాడుకుని తినండి అని చెప్పిందట. పెద్దపిల్లలు తిన్నారు. ముందు వరసలోని ఆ చిన్న పాప మాత్రం కంచం ముందు చేతులు జోడించుకుని అట్లాగే ఉండిపోయింది. ఎందుకు తినలేదని అడిగితే ఇంకా పేరు చెప్పలేదు కదా అందట. ఆ పాప బడిలో చేరిందే ఈ ఏడు. పేరు చెప్పకుండా ముట్టుకుంటే చేతి మీద దెబ్బ పడుతుందని ఆమెకు తెలుసు. టీచరమ్మ పక్కన కూర్చుని మొదటి ముద్ద తానే నోట్లో పెడితే తిన్నదట. రోజూ అట్లాగే పెడుతోందట. చిన్న పిల్ల కదన్నా, మెల్లగా మరిచిపోతుందిలే అని కలీం ముగించాడు.

తిరుపాల్ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. "నేను మర్సిపోయినానా మామా?" అని అడిగాడు.

అమ్మ దగ్గరికి పోదాం పద అన్నాడు. షాపు మూసి ఇద్దరం పల్లెకు పోయాం. పెంచలమ్మ ఒక్కతే పొయ్యి దగ్గర సంగటి కెలుకుతోంది. వచ్చినారా అని మాత్రం అని, ఇద్దరికీ కంచాలు పెట్టి, ముద్దలు వేసి, పప్పు పోసింది. తిరుపాల్ కూర్చుని, ఆమె ముఖం చూడకుండా అంతా చెప్పాడు. ఫ్లెక్సీ సంగతి, రికార్డు చేసిన గొంతు సంగతి, టీచరమ్మ వద్దన్నా వినకపోవడం, ఆ పాప ఇప్పుడు చెప్పినా తినకపోవడం. హాస్టల్ గేటు మాట ఎత్తలేకపోయాడు. బొరుగుల మాట కూడా. ఆమె అవి అడగలేదు.

చెప్పిందంతా విని తెడ్డు గీక్కుంటూ కూర్చుంది. ఆమెకు కోపం వచ్చిందో బాధ కలిగిందో నాకు తెలియలేదు.

"మీ నాయన బతికినన్నాళ్లూ ఎవురి కూటికీ అడ్డం పోలేదురా" అంది చివరికి. "సచ్చినాక పంపిస్తివి."

తిరుపాల్ తల ఇంకా కిందికి పోయింది. కంచంలో సంగటి మీద పప్పు గట్టిపడుతోంది. వాడి రెండు చేతులూ ఒళ్లో ఉన్నాయి, ఒకదాన్ని ఒకటి పట్టుకుని.  పెంచలమ్మ అది చూసి, కంచం కొడుకు వైపుకు జరిపింది.

"తిను. ఈడ ఎవురి పేరూ చెప్పే పన్లేదు."

వాడు తల ఎత్తకుండానే తిన్నాడు, హాస్టల్లో తిన్నట్టే, కంచంలో ఏమీ మిగల్చకుండా.